ఇంట్లో ఏడుగురుంటే ఎంత స్పీడ్ తీసుకోవాలి? నెట్ సందేహాలకి జవాబులు

ప్రశ్న: మాది కేపీహెచ్‌బీలో త్రీ బెడ్‌రూమ్ ఫ్లాట్ అండీ, అద్దెకే ఉంటున్నాం. నేను, మా వారు, అత్తగారు, మామగారు, మరిది, ఇద్దరు పిల్లలు, మొత్తం ఏడుగురం. ఇప్పుడు 50 ఎంబీపీఎస్ ప్లాన్ ఉంది. పగలంతా బానే ఉంటుంది గానీ సాయంత్రం ఏడు నుంచి పది దాకా నరకమే. మా వారికి అమెరికా వాళ్ళతో కాల్స్ అప్పుడే, పాపకి ఇంటర్ ఆన్‌లైన్ క్లాస్ అప్పుడే, హాల్లో 4కె టీవీలో మ్యాచ్, అత్తగారి గదిలో టీవీలో సీరియల్, మామగారు ఫోన్లో యూట్యూబ్ వార్తలు, మరిది రీల్స్, బాబు పీఎస్5 గేమ్. మా వారి మొహం స్క్రీన్ మీద అలా బొమ్మలాగా ఆగిపోతే ఇంట్లో ఇక ఒకటే గొడవ, నువ్వాపు అంటే నువ్వాపు అని. కనెక్షన్ వాళ్ళ అబ్బాయి 300 తీసుకోండి మేడమ్ అంటున్నాడు, మా వారు 500 అంటున్నారు, మరిదేమో 100 చాలు వదినా డబ్బులు దండగ అంటున్నాడు. ఎవరి మాట వినాలి?
– ఒక గృహిణి, కూకట్‌పల్లి

జవాబు: మీ మరిది మాట వినండి. కానీ ఆయన చెప్పింది సగమే, మిగతా సగం మీ రౌటర్ దగ్గరుంది, అక్కడికి తర్వాత వద్దాం.

ముందు లెక్క చూద్దాం అమ్మా. ఇంట్లో ఎంతమంది ఉన్నారు, ఎన్ని ఫోన్లున్నాయి అని లెక్కపెట్టి స్పీడ్ కొంటారు చాలామంది, సేల్స్ వాళ్ళు కూడా అదే అడుగుతారు, అది కాదు చూడాల్సింది. ఒకే టైమ్‌లో ఏమేం నడుస్తున్నాయి అన్నదే చూడాలి. మీరే చక్కగా రాశారు కాబట్టి మీ ఏడు నుంచి పది గంటల లెక్కే వేద్దాం. మీ వారి వీడియో కాల్‌కి గట్టిగా అనుకుంటే 4 ఎంబీపీఎస్. పాప క్లాస్‌కి 3. హాల్లో 4కె మ్యాచ్‌కి 20 వేసుకోండి, నిజానికి నెట్‌ఫ్లిక్స్ వాళ్ళు 4కె కి 15 చాలంటారు, యూట్యూబ్ వాళ్ళు 20 అంటారు, మనం పెద్దదే పట్టుకుందాం. అత్తగారి సీరియల్ మామూలు ఫుల్ హెచ్‌డీ కాబట్టి 5. మామగారి యూట్యూబ్‌కి 5, మరిది రీల్స్‌కి 5. బాబు గేమ్‌కి 1. అవును, ఒకటే, ఆన్‌లైన్ గేమ్ ఆడేటప్పుడు డేటా చాలా తక్కువ పోతుంది, దానికి కావాల్సింది స్పీడ్ కాదు, తక్కువ పింగ్ (మనం నొక్కింది అవతలికి చేరి తిరిగి జవాబు రావడానికి పట్టే సమయం), ఆ సంగతి పిల్లలకి బాగా తెలుసు గానీ స్పీడ్ పెంచమని అడగడానికి గేమ్ మంచి సాకు. అన్నీ కలిపితే 43 వచ్చింది. అందరి జేబుల్లో ఉన్న ఫోన్లు వాటంతటవే చేసుకునే అప్‌డేట్లు, వాట్సాప్ వీడియోలు ఇంకో పది అనుకున్నా 53.

అంటే మీ 50 ప్లాన్ మరీ తప్పేం కాదు, అంచుమీద ఉంది అంతే. అంచుమీద ఉన్నప్పుడు ఇంకొక్క పని పడిందంటే చాలు అందరికీ ఆగిపోతుంది. ఆ ఇంకొక్క పని ఏంటో కూడా చెప్తా. పీఎస్5 లో గేమ్ అప్‌డేట్ పడుతూ ఉంటుంది చూడండి, అది 4 కావాలి 5 కావాలి అని అడగదు, లైన్లో ఎంతుంటే అంతా లాగేసుకుంటుంది. 100 జీబీ గేమ్ ఒకటి 50 ప్లాన్ మీద దిగాలంటే దాదాపు నాలుగున్నర గంటలు, ఆ నాలుగున్నర గంటలు మీ వారు బొమ్మలాగానే ఉంటారు. అదే 100 ప్లాన్ అయితే రెండుంబావు గంట, 300 అయితే ముప్పావు గంట. ఇక్కడొక్కచోటే పెద్ద ప్లాన్‌కి నిజంగా తేడా తెలుస్తుంది. కానీ ఆ అప్‌డేట్‌ని రాత్రి మీరందరూ పడుకున్నాక దిగేట్టు పెట్టుకోవచ్చు, రెస్ట్ మోడ్ అని పీఎస్5 సెట్టింగ్స్‌లోనే ఉంటుంది, దానికి నెలకి రూపాయి కూడా అదనంగా కట్టక్కర్లేదు.

రెండోది అప్‌లోడ్. దీన్ని ఎవరూ పట్టించుకోరు. మనం చూసేది డౌన్‌లోడ్, మనం పంపేది అప్‌లోడ్. కాల్‌లో అవతలి వాళ్ళకి మీ వారి మొహం ఆగిపోయిందంటే చాలాసార్లు గొడవ అప్‌లోడ్‌లోనే ఉంటుంది. ఇంట్లో ఎవరో ఏదో పెళ్ళికి వెళ్ళొచ్చి ఉంటారు, ఫోన్లో అన్ని ఫోటోలు, అన్ని వీడియోలు, వైఫై దొరకగానే ఫోన్ అవన్నీ క్లౌడ్‌లోకి ఎక్కించడం మొదలుపెడుతుంది, ఎవరికీ తెలియదు, కాల్ మాత్రం ముక్కలు ముక్కలుగా వస్తుంది. కాబట్టి ప్లాన్ తీసుకునేటప్పుడు డౌన్‌లోడ్ ఎంత అని మాత్రమే కాదు, అప్‌లోడ్ ఎంత అని కూడా అడగండి. ఇంటి లోపలి దాకా ఫైబర్ వచ్చే కనెక్షన్లలో చాలావాటికి రెండూ సమానంగానే ఇస్తున్నారు. ఇంకా పాత కేబుల్ వైర్ మీద నడిచే కనెక్షన్ అయితే మాత్రం అప్‌లోడ్ బాగా తక్కువ ఉండొచ్చు, అలాంటిదైతే స్పీడ్ పెంచడం కంటే కనెక్షన్ మార్చడమే మేలు.

సరే, ఇప్పుడు ఆ మిగతా సగం. మీ రౌటర్ ఎక్కడుంది? మీరు రాయలేదు గానీ నేను చెప్పగలను, మెయిన్ డోర్ పైన, చెప్పుల స్టాండ్ పక్కనో షోకేస్ మీదో ఉండుంటుంది. కేబుల్ అబ్బాయి వచ్చి, వైర్ లోపలికి ఎక్కడొస్తే అక్కడే రెండు మేకులు కొట్టి తగిలించి, ఓటీపీ చెప్పండి మేడమ్ అని వెళ్ళిపోయుంటాడు. మీ వారు కూర్చునేదేమో చివరి బెడ్‌రూమ్‌లో. మధ్యలో రెండు గోడలు, బాత్రూమ్ టైల్స్, ఇనప బీరువా. సిగ్నల్‌కి ఇంకేం మిగులుతుంది.

కాబట్టి ప్లాన్ మార్చే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి, పొద్దున్నే, ఇంట్లో ఎవరూ ఏమీ చూడనప్పుడు. ఫోన్ పట్టుకుని రౌటర్ పక్కనే నిల్చుని స్పీడ్ టెస్ట్ చేయండి. తర్వాత మీ వారి కుర్చీలో కూర్చుని చేయండి. పక్కన 48 వచ్చి కుర్చీలో 12 వచ్చిందనుకోండి, మీరు 500 తీసుకున్నా ఆ కుర్చీలో వచ్చేది పెద్దగా మారదు. డబ్బులు మాత్రం హాల్ దాకా వచ్చి ఆగిపోతాయి. రెండు చోట్లా 48 వస్తే అప్పుడు నిజంగానే ప్లాన్ చాలట్లేదని అర్థం. పక్కన నిల్చున్నా 20 దాటట్లేదంటే తప్పు కనెక్షన్ వాళ్ళది కావచ్చు, రౌటర్ నుంచి లాప్‌టాప్‌కి నేరుగా వైర్ (లాన్ వైర్ అంటారు) పెట్టి ఇంకోసారి చూసుకుని కంప్లైంట్ ఇవ్వండి. వైఫై మీద చూసిన నంబర్ చెప్తే మీ వైఫై ప్రాబ్లం మేడమ్ అని ఫోన్ పెట్టేస్తారు, వైర్ మీద చూసిన నంబర్‌కి ఆ మాట చెల్లదు.

వైఫైలో చాలాసార్లు రెండు పేర్లు కనిపిస్తాయి కదా, ఒకటి మామూలుది, ఒకటి చివర 5జీ అని. ఆ 5జీకీ ఫోన్ సిమ్ 5జీకీ ఏం సంబంధం లేదు, ఇది 5 గిగాహెర్ట్జ్, అంటే వైఫై నడిచే రేడియో తరంగాల్లో ఒక రకం. మామూలుది 2.4 గిగాహెర్ట్జ్, అది ఎక్కువ దూరం వెళ్తుంది గానీ నెమ్మది, పైగా అపార్ట్‌మెంట్‌లో అందరి వైఫైలూ దానిమీదే తొక్కిసలాట, ఎందుకంటే ఒకదానితో ఒకటి గొడవ పడకుండా ఉండే చానెళ్ళు దాంట్లో మూడే, 1, 6, 11. మీ ఫోన్లో వైఫై లిస్ట్ తెరిచి చూడండి, పై ఫ్లాట్ వాళ్ళవి, కింది ఫ్లాట్ వాళ్ళవి, ఎదురు బ్లాక్ వాళ్ళవి, కేపీహెచ్‌బీ అంటే చెప్పక్కర్లేదు, లిస్ట్ కిందికి తోస్తూనే ఉండాలి. 5 గిగాహెర్ట్జ్ స్పీడ్ ఎక్కువ, గొడవ తక్కువ, కానీ గోడలు దాటడానికి బద్ధకం. హాల్లో టీవీకి, దగ్గర్లో ఉండే ఫోన్లకి అది పెట్టండి. మీ రౌటర్‌లో ఆ రెండో పేరు లేదంటే కేబుల్ వాళ్ళని అడగండి, కొన్నిటిలో రెండూ ఒకే పేరు మీద ఉంటాయి, అలా కాక అది 2.4 ఒక్కటే ఉన్న పాత సింగిల్ బ్యాండ్ డబ్బా అయితే ముందు అది మార్పించండి, దానిమీద 300 ప్లాన్ పెట్టినా ఉపయోగం లేదు.

ఖర్చు పెట్టాలంటే ఇలా పెట్టండి. ఒకటి, కేబుల్ వాళ్ళని పిలిచి ఫైబర్ వైర్‌ని ఇంటి మధ్యకి, డైనింగ్ దగ్గరికో కారిడార్‌లోకో లాగించి రౌటర్‌ని అక్కడ, కాస్త ఎత్తులో పెట్టించండి. టీవీ వెనకాల, బీరువా మీద, చేపల తొట్టి పక్కన మాత్రం వద్దు. ఫైబర్ మడత పడకుండా లాగమనండి, లోపల ఉండేది గాజు పోగు, ఎక్కడైనా గట్టిగా మడిస్తే వెలుగు తగ్గిపోతుంది, మరీ తగ్గితే డబ్బా మీద ఎల్‌ఓఎస్ అని, అంటే సిగ్నల్ అందట్లేదని, ఎర్ర లైట్ వెలుగుతుంది. రెండు, కదలని వస్తువులన్నిటికీ వైర్ వేయించండి, మీ వారి లాప్‌టాప్, పీఎస్5, హాల్ టీవీ, ఈ మూడు వైర్ మీదకి వెళ్తే వైఫై మిగతా అందరికీ ఖాళీ అవుతుంది. అద్దె ఇల్లు కాబట్టి గోడలు కొట్టక్కర్లేదు, స్కర్టింగ్ పొడుగునా క్లిప్పులు కొట్టి తీసుకెళ్ళొచ్చు, కేబుల్ క్యాట్ 5ఈ కానీ క్యాట్ 6 కానీ అని అడిగి తీసుకోండి. దీనికి కొంత గోల ఉంటుంది, అత్తగారు ఈ వైర్లేంటి ఇల్లంతా అంటారు, కానీ పీఎస్5 కి వైర్ పెట్టిన మర్నాడే బాబు స్పీడ్ గురించి అడగడం మానేస్తాడు. వైర్ అస్సలు కుదరదు అంటే అప్పుడు మెష్ రౌటర్, అంటే రెండు డబ్బాలు కలిసి ఒకే వైఫైలా పనిచేసే సెట్. వైఫైని అందుకుని మళ్ళీ పంపే చవక రిపీటర్ ప్లగ్గులు మాత్రం నాకు నచ్చవు, సిగ్నల్ గీతలు నిండుగా చూపిస్తాయి గానీ స్పీడ్ సగమవుతుంది చాలావాటిలో.

ఇవన్నీ చేశాక 100 తీసుకోండి, మీ 53 కి దాదాపు రెట్టింపు అయింది కాబట్టి ఊపిరాడుతుంది. 150 కో 200 కో తేడా నెలకి వంద రెండొందలే అయితే అదైనా పర్లేదు, తీసుకోండి. రేపు మీరు కూడా ఇంటి నుంచి ఉద్యోగం మొదలుపెట్టి ఇద్దరి కాల్స్ ఒకేసారి ఉన్నాయనుకున్నా 8 దాటదు. 300, 500 ఎవరికంటే, వీడియో ఎడిటింగ్ చేసి పెద్ద పెద్ద ఫైళ్ళు రోజూ పంపేవాళ్ళకి, వారానికో కొత్త గేమ్ దింపేవాళ్ళకి. 1 జీబీపీఎస్, అంటే 1000 ఎంబీపీఎస్ అయితే మన హైదరాబాద్‌కి కొత్తేం కాదు, యాక్ట్ అనే నెట్ కంపెనీ వాళ్ళు 2017 లోనే ఇక్కడ తెచ్చారు, అయినా మామూలు ఇంట్లో అంత స్పీడ్ అడిగే పని ఇప్పటికీ నాకు కనబడలేదు.

ఒకవేళ మీ వారు పట్టుబట్టి 300 తెచ్చారే అనుకుందాం, ఒక్కటి చూసుకోమనండి. లాన్ వైర్ పెట్టినా 94, 95 దగ్గర ఆగిపోతుంటే రౌటర్ పోర్టో లాప్‌టాప్ పోర్టో 100 వరకే పనిచేసేది అయ్యుంటుంది, లేదా వైర్ చివర క్లిప్పులో ఎనిమిది తీగలకి బదులు నాలుగే బిగించి ఉంటారు. ఇది చాలా ఇళ్ళల్లో ఉంది, 300 కి డబ్బులు కడుతూ 95 వాడుకుంటుంటారు, వాళ్ళకి తెలియను కూడా తెలియదు.

ప్రశ్న: సార్, మాది ఉప్పల్ దిక్కు. 2025 ల రామంతాపూర్ల కరెంట్ షాక్ ఘటన అయినంక స్తంభాల మీద ఉన్న కేబుళ్ళు కోసిండ్రు కదా, మా గల్లీల నెట్ మొత్తం బంద్ అయింది. పిల్లల పరీక్షల టైమ్‌ల మళ్ళ గట్లనే అయితే ఏం చేయాలె? ఒక పెద్ద స్పీడ్ కనెక్షన్ బదులు రెండు చిన్నవి పెట్టుకుంటే మంచిగుంటదా? గా గాలి నెట్ అంటున్నరు, 5జీ డబ్బా, గది పని చేస్తదా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: మంచి ఆలోచన అన్నా, నన్నడిగితే ఒక 300 కంటే రెండు దారులు మేలు. కానీ రెండూ ఒకే స్తంభం మీదికెళ్ళి వస్తే లాభం లేదు, కోసేటోడు కంపెనీ చూసి కోయడు, రెండూ పోతయి. అందుకే ఒకటి ఫైబర్, ఇంకోటి గాలిది, గట్ల ఉండాలె.

5జీ డబ్బా పని చేస్తది, హైదరాబాద్‌ల 2023 నుంచే ఇస్తున్నరు. ఇంటి పైన ఒక చిన్న యాంటెనా పెడతరు, టవర్ దిక్కు మంచిగ కనబడితే స్పీడ్ బానే వస్తది. తక్లీఫ్ ఏందంటే టవర్ అందరిదీ, సాయంత్రం బస్తీ మొత్తం ఫోన్లు పట్టుకుని కూసుంటే నీ వాటా తగ్గుతది, అప్‌లోడ్ ఫైబర్ అంత ఉండదు, పింగ్ ఎక్కువ తక్కువ అయితుంటది. మెయిన్ కనెక్షన్ లెక్క కాదు గానీ స్టెప్నీ లెక్క మంచిగనే ఉంటది. అయితే దానికి నెల నెలా పైసలు కట్టాల్నా అంటే అవసరం లేదు, ఎప్పుడో ఒకసారి పోయే నెట్ కోసం ఇంట్ల ఒక ఫోన్ల 5జీ సిమ్ ఉంటే హాట్‌స్పాట్ పెడితే పరీక్షలకి సాలు. ఒక్క క్లాస్‌కి గంటకి 1 జీబీ అటిటు పోతది, అంతే. ఇంట్ల కూసొని జాబ్ చేసేటోళ్ళు ఉంటెనే రెండో కనెక్షన్.

ఇంకోటి, నెట్ పోయింది అనుకునేటివి సగం కరెంట్ పోయినయే ఉంటయి. రౌటర్‌కి పెట్టే చిన్న యూపీఎస్‌లు దొరుకుతయి, 12 వోల్టులది, ముందు నీ రౌటర్ అడాప్టర్ మీద వోల్ట్, ఆంపియర్ ఎంతుందో సూసి గదే కొను. ఫైబర్ డబ్బా, వైఫై డబ్బా రెండు వేర్వేరుగ ఉంటే రెంటికీ కరెంట్ కావాలె, ఒక్కదానికే పెట్టి పనిచేస్తలేదు అనుకోకు.

ప్రశ్న: 100 ఎంబీపీఎస్ అని చెప్పి ఇచ్చారు, సినిమా డౌన్‌లోడ్ పెడితే కంప్యూటర్‌లో 12 కూడా దాటట్లేదు. ఇది మోసం కాదా?
– ఒక విద్యార్థి, మెహదీపట్నం

జవాబు: మోసం కాదు బాబూ, నీకు పూర్తి స్పీడ్ వస్తోంది. కంపెనీ వాళ్ళు చెప్పేది మెగాబిట్లు, కంప్యూటర్ చూపించేది మెగాబైట్లు. ఎనిమిది బిట్లు ఒక బైట్, 100 ని 8 తో భాగిస్తే పన్నెండున్నర. దాంట్లో కొంచెం దారిఖర్చుకి, అంటే డేటాతో పాటు వెళ్ళే అడ్రస్ లాంటి వివరాలకి పోతుంది. అయితే ప్లాన్ కాగితం మీద స్పీడ్ ముందు 'వరకు' అన్న మాట ఉందేమో చూసుకో. మన దేశంలో 2023 జనవరి నుంచి కనీసం 2 ఎంబీపీఎస్ ఇస్తే చాలు దాన్ని బ్రాడ్‌బ్యాండ్ అనొచ్చు, అంతకుముందైతే 512 కేబీపీఎస్సే, అంటే సుమారు అర ఎంబీపీఎస్, కాబట్టి పేరులో బ్రాడ్‌బ్యాండ్ అని ఉంది కదా అని ధీమాగా ఉండకూడదు.

ప్రశ్న: అన్‌లిమిటెడ్ అంటారు, కింద చిన్న అక్షరాల్లో నెలకి 3300 జీబీ అంటారు. మా ఇంట్లో మూడు టీవీలు. ఏడాదికి ఒకేసారి కడితే ఒక నెల ఫ్రీ, ఓటీటీలు ఫ్రీ అంటున్నారు. కట్టేయమంటారా?
– ఒక రిటైర్డ్ టీచర్, వనస్థలిపురం

జవాబు: 3300 గురించి బెంగ వద్దు మాస్టారూ. ఫుల్ హెచ్‌డీలో గంటకి సుమారు 3 జీబీ అవుతుంది, మూడు టీవీలు రోజుకి నాలుగేసి గంటలు మోగినా నెలకి 1080 జీబీ. అన్నీ 4కె లోనే చూస్తే గంటకి 7 దాకా పోతుంది, అప్పుడు 2520, అయినా ఇంకా మిగిలే ఉంది. స్పీడ్‌కీ జీబీకీ తేడా మీకు కరెంటు బిల్లుతో చెప్తే సులువు, స్పీడ్ అంటే మీటర్‌కి శాంక్షన్ చేసిన కిలోవాట్ల లోడ్, జీబీ అంటే నెలకి కాలిన యూనిట్లు. మూడు టీవీలకి మీకు 100 ఎంబీపీఎస్ లోడ్ చాలు.

ఏడాది కట్టడం మాత్రం ఇప్పుడే వద్దు. చెప్పిన రేటు మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది, 999 అంటే చేతిలోంచి పోయేది 1179, ముందు ఆ లెక్క వేసుకోండి. ఓటీటీలు ఫ్రీ అన్నది మీరు నిజంగా చూసేవి అయితేనే ఫ్రీ, పేరు వినని యాప్‌లు ఇరవై ఉంటే అవి లెక్కలోకి రావు. ముందు ఒక నెలకి కట్టి చూడండి, సాయంత్రం తొమ్మిదింటికి స్పీడ్ ఎలా ఉంది, ఫోన్ చేస్తే లైన్‌మన్ ఎన్ని గంటలకి వస్తున్నాడు, ఈ రెండూ చూడండి. మీ కాలనీలో ఎవరి కనెక్షన్ బావుందో పక్కింటి వాళ్ళని అడగండి, ఒకే కంపెనీ ఒక కాలనీలో బంగారం, ఇంకో కాలనీలో బండబూతులు, అక్కడి లోకల్ ఆపరేటర్‌ని బట్టి ఉంటుంది. నచ్చితే అప్పుడు ఆర్నెల్లకో ఏడాదికో కట్టండి, మధ్యలో ఇల్లు మారితే కనెక్షన్ షిఫ్ట్ చేస్తారా, చేయలేకపోతే మిగిలిన డబ్బులు వెనక్కిస్తారా అని వాట్సాప్‌లో రాయించుకుని మరీ కట్టండి. కంప్లైంట్ ఎప్పుడిచ్చినా డాకెట్ నంబర్, అంటే ఆ కంప్లైంట్‌కి వాళ్ళిచ్చే నంబర్ తీసుకోండి, వాళ్ళు పట్టించుకోకపోతే అదే కంపెనీలో అప్పిలేట్ అథారిటీ అని ఉంటుంది, ఆ నంబర్ పెట్టి అక్కడ అప్పీల్ చేసుకోవచ్చు. చాలామంది నేరుగా టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్‌కి ఉత్తరాలు రాస్తుంటారు, విడి విడి కంప్లైంట్లు ట్రాయ్ చూడదు.